నొప్పి ఉండదని చెప్పవచ్చునా?

పసిబిడ్డకు శస్త్రచికిత్స జరుగబోతున్నది. ఆ బిడ్డ మన ముఖంలోకి చూచి, "నొప్పి పుడుతుందా?" అని అడుగుతుంది. మనం ఏమి చెప్పాలి? ఉన్నది ఉన్నట్లు చెబితే బిడ్డ బెదరిపోతుంది. లేదని చెబితే అది అబద్ధమవుతుంది. పెద్దలు ధర్మసంకటమని పిలిచినది ఇటువంటి స్థితినే. గత సంవత్సరం ఈ ప్రశ్న నా ఎదుటికి వచ్చింది. నేను తప్పు సమాధానం చెప్పాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పిన నేను ఆ తప్పు ఎందుకు చేశానో ఆలోచించడమే ఈ వ్యాసం.

నా మనుమరాలికి అప్పుడు నాలుగేళ్ళు. ఆమె ఎడమ తుంటి కీలు పుట్టుకతోనే సరిగా అమరలేదు. తొడ ఎముక పైకొన గుండ్రంగా ఉండి, తుంటి ఎముకలోని గిన్నెవంటి గుంటలో కూర్చోవాలి. ఆమెకు ఆ గిన్నె లోతు చాలలేదు. ఈ లోపాన్ని తొలి నెలల్లోనే కనుగొంటే చాలామంది శిశువులకు మెత్తని పట్టీలతోనే సరిచేయవచ్చు. మాకు మాత్రం ఆమె కుంటుతూ నడిచిన తరువాతనే తెలిసింది. డర్బన్‌లోని ఒక ఆసుపత్రిలో ఎముకను కోసి, కీలును సరిగా అమర్చి, ఛాతీ క్రింది నుండి చీలమండ వరకు పిండికట్టు వేశారు. ఆరు వారాలు ఆ కట్టులోనే ఉండాలన్నారు.

ముందురోజు సాయంకాలం ఆమె నన్ను అడిగింది. "నొప్పి ఏమీ ఉండదమ్మా. నిద్రపోతావు, లేస్తావు, అంతే" అన్నాను. మరునాడు మెలకువ వచ్చిన తరువాత ఆమె పెదవులు వణుకుతూ, "నొప్పి లేదన్నావు కదా అవ్వా" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆ సిగ్గును కప్పుకోవడానికి మరొక తప్పు చేశాను. "మన ఇంటి పిల్లలు ఏడవరు. నువ్వు ధైర్యం గల పిల్లవు" అన్నాను. ఆమె ఏడుపు మానింది. వార్డులోని వారందరూ మెచ్చుకున్నారు. నేను గర్వపడ్డాను.

మూడవ రాత్రి ఆమె ప్రక్కన ఉండడం నా వంతు. సిస్టర్ ఒక అట్ట తెచ్చింది. దానిమీద ఆరు ముఖాలు గీసి ఉన్నాయి. మొదటిది నవ్వుముఖం, చివరిది కన్నీరు కార్చే ముఖం. "నీ నొప్పి ఏ ముఖంలా ఉన్నది?" అని సిస్టర్ అడిగింది. బిడ్డ ముందు నా వైపు చూచి, తరువాత నవ్వుముఖం మీద వేలు పెట్టింది. సిస్టర్ ఆ చూపును గమనించింది. నన్ను మర్యాదగానే కొంతసేపు బయట కూర్చోమన్నది. నేను లేనప్పుడు బిడ్డ అయిదవ ముఖాన్ని చూపి, తన మడమ పైభాగాన్ని కూడా చూపింది. పిండికట్టు అంచు అక్కడ ఒత్తుకొని చర్మం కందిపోయి ఉన్నది. వెంటనే అంచును కత్తిరించి మెత్తని దూది పెట్టారు. ఆలస్యమైతే పుండు పడేదని, చర్మం బాగా చెడిన తరువాత ఒక్కొక్కసారి నొప్పి కూడా తెలియదని సిస్టర్ చెప్పింది. నా మాట విని మౌనంగా ఉన్నందుకు ఆ బిడ్డకు దక్కినది అది.

"మన ఇంటి పిల్లలు ఏడవరు" అనే మాట నాకు ఎక్కడిది? మా అవ్వ నుండి వచ్చింది. ఆమెకు వాళ్ళమ్మ నుండి వచ్చింది. మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు వచ్చారు. తొలి ఏడాది నెలకు పది షిల్లింగుల కూలి. చెరకు తోటలో ఒళ్ళు నొప్పి అన్నవారిని పని ఎగవేస్తున్నారని అనుమానించేవారు. పనికి పోని రోజుకు కూలి పోయేది. అటువంటి చోట మౌనం ఒక కవచం. మా పెద్దలు దానిని ధరించి బ్రతికారు, మమ్మల్ని బ్రతికించారు. వారి ఓర్పును నేను చిన్నచూపు చూడను. అయితే చెరకు తోటలో అక్కరకు వచ్చిన కవచాన్ని, మందు చేతికందే ఆసుపత్రిలో నాలుగేళ్ళ బిడ్డకు తొడిగాను. అది నా అవివేకం.

ఓర్పు గొప్ప గుణం కాదా అని మీరు అడుగవచ్చు. గీత రెండవ అధ్యాయంలో శ్రీకృష్ణుడు శీతోష్ణాలు, సుఖదుఃఖాలు వచ్చిపోయేవని, వాటిని సహించుమని బోధించాడు. ఆ గుణానికి తితిక్ష అని పేరు. అయితే ఆ బోధ విన్నవాడు ఎవరు? అర్జునుడు, వయస్సు వచ్చిన వీరుడు. శిష్యుడనని తానే చెప్పుకొని అడిగినవాడు. 'ఇది పోతుంది' అని తెలిసినవాడు సహించడం తితిక్ష. నాలుగేళ్ళ బిడ్డకు రేపు అనేది ఇంకా సరిగా తెలియదు. ఆమెకు ఈ క్షణపు నొప్పియే సమస్త ప్రపంచం. ఆమె చేత బలవంతాన పట్టించిన మౌనం ఆమె సుగుణం కాదు, మన సౌకర్యం.

ఈ పొరపాటు ఇళ్ళలోనే జరగలేదు. 1980ల వరకు కూడా అప్పుడే పుట్టిన శిశువులకు పెద్దలవలె నొప్పి తెలియదని చాలామంది వైద్యులు నమ్మేవారు. చాలా తక్కువ మత్తుతోనే శస్త్రచికిత్సలు చేసేవారు. భారతదేశం నుండి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళిన వైద్యుడు ఆనంద్, ఆయన సహచరులు నెలలు నిండని శిశువులను పరిశీలించి 1987లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. తగిన మత్తుమందు పొందిన శిశువుల దేహాలు శస్త్రచికిత్సను మెరుగుగా తట్టుకొన్నాయి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడగడం తెలియని బిడ్డ మాట ఏమిటి? అడగవద్దని మనమే నేర్పిన బిడ్డ మాట ఏమిటి?

ఇక అబద్ధం సంగతి. మా సాయంకాల తెలుగు తరగతిలో పోతన భాగవతంలోని వామన చరిత్ర చదువుకున్నాము. ప్రాణ మాన ధనాలు ఆపదలో ఉన్నప్పుడు బొంకితే పాపం లేదని శుక్రాచార్యుడు బలికి చెబుతాడు. ఆ మినహాయింపు చాటున నేను కూడా దాగుకొందామనుకున్నాను. బిడ్డ భయాన్ని పోగొట్టడానికే కదా అబద్ధం చెప్పానని నాకు నేను చెప్పుకున్నాను. కాని నిదానంగా చూస్తే, ఆ అబద్ధం ఆమెను కాపాడలేదు. ఆమె భయాన్ని కళ్ళారా చూడవలసిన పని నుండి నన్ను కాపాడింది. అది కూడా ఒక్క సాయంకాలం మాత్రమే. బలి చక్రవర్తి ఆ మినహాయింపును స్వీకరించలేదు. నేను అడగకుండానే తీసుకున్నాను.

అయితే సత్యమంతా చెప్పాలా? ఎముకను ఎలా కోస్తారో బిడ్డకు వివరించనక్కరలేదు. వైద్యులు మందును బిడ్డ బరువును బట్టి కొలుస్తారు. సత్యాన్ని కూడా అలాగే కొలవాలి. ఆమె అడిగినంతకు, నిజమైన మాటతో జవాబు చెప్పాలి. "నొప్పి ఉంటుంది. మందు కూడా ఉంటుంది. నేను నీ ప్రక్కనే ఉంటాను. నొప్పి పుడితే నాకు చెప్పు." ఈ నాలుగు మాటలూ నిజమే.

ఆ తరువాత మేము నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. మొదటి రోజులలో నొప్పి పెరిగేవరకు ఆగకుండా, వైద్యులు చెప్పిన మోతాదును చెప్పిన వేళకే ఇచ్చాము. నిద్ర పట్టే సమయంలో కండరాలు పట్టేసి బిడ్డ ఉలిక్కిపడేది, అప్పుడు ఒడిసి పట్టుకొని కథ చెప్పేవాళ్ళం. సబ్బునీటి బుడగలు ఊదిస్తే ఊపిరి నెమ్మదించేది. కాలి వ్రేళ్ళను రోజూ చూచేవాళ్ళం. మందు వేసినా నొప్పి పెరుగుతున్నా, వ్రేళ్ళు చల్లబడినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా, కదలకపోయినా, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తెలుపవలసిందే.

ఆరు వారాల తరువాత కట్టు విప్పే రోజు వచ్చింది. "ఆ రంపం నన్ను కోస్తుందా అవ్వా?" అని అడిగింది. "కోయదు. చాలా పెద్ద చప్పుడు చేస్తుంది. చక్కిలిగిలిలా ఉంటుంది. తరువాత కాలు కదిపితే మాత్రం నొప్పి పుడుతుంది" అన్నాను. ఆమె నన్ను చాలాసేపు చూచి, "ఈసారి నిజమేనా?" అన్నది. నిజమేనన్నాను. ఆ రోజు వార్డంతా వినబడేలా ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు, చేయి పట్టుకొని ఉన్నాను.

మా ఇంట్లో నడిచేది ఇంగ్లీషే. తరాలు గడిచినా మిగిలిన తెలుగు మాటలు కొన్నే, వాటిలో 'నొప్పి' ఒకటి. మా అవ్వ ఆ మాటను ఎప్పుడూ గొంతు తగ్గించి పలికేది. నా మనుమరాలు ఇప్పుడు దోమ కుట్టినా గట్టిగా అంటుంది. నేను చేస్తున్న పని వదలి, లేచి వెళ్ళి చూస్తాను.