రోజుకొక్క పటం

మా అమ్మ రామకోటి రాస్తుంది. వంటయ్యాక స్టవ్వు కట్టేసి, కొంగుకు చేతులు తుడుచుకుని, గళ్ల పుస్తకం ముందేసుకుని కూర్చుంటుంది. పోపు వాసన ఇంకా వేళ్లను వదలదు. గడికొక నామం, రోజుకొక పేజీ. ఊరెళ్తే ఆ పుస్తకం కూడా చీరల మధ్య సర్దుకుని సంచిలో బయల్దేరుతుంది. ‘కోటి ఎప్పటికి పూర్తవుతుందమ్మా?’ అని అడిగితే, ‘పూర్తయితే ఆ మర్నాటి నుంచి నన్నేం చేయమంటావురా?’ అంటుంది.

పోయిన ఉగాది నాడు నేనూ ఒక రామకోటి మొదలుపెట్టాను. నా గళ్ల పుస్తకం సెల్‌ఫోన్. రోజుకొక్క ఫొటో తీయాలి. దీన్ని ‘ప్రాజెక్ట్ 365’ పేరుతో ఎన్నో దేశాల్లో ఎందరో చేస్తున్నారు. నేను పెట్టుకున్న నియమాలు మూడు. రోజుకు ఒక్కటే తీయాలి, రెండోది పనికిరాదు. కావాలని ఎక్కడికో వెళ్లి తీయకూడదు, ఇంట్లోనో వీధిలోనో పనికెళ్లే దారిలోనో కనిపించిందే తీయాలి. దేన్నీ జరిపి, సర్ది తీయకూడదు.

మొదటి వారం హాయిగా గడిచింది. మందారపువ్వు, సూర్యాస్తమయం, గోడ మీద పిల్లి, వేపపూత. ఎనిమిదో రోజుకే సరుకంతా అయిపోయింది. తొమ్మిదో రోజు శ్రీరామనవమి. ఇంక దిగులేముంది, వీధి చివర పందిట్లో కల్యాణం ఉంది కదా అనుకుని వెళ్లాను. తలంబ్రాల వేళకు ముందు వరసల్లో చేతులన్నీ పైకి లేచాయి. ప్రతి చేతిలో ఒక ఫోను. నాకు సీతారాములు కనిపించింది ఎవరి తెరమీదో తప్ప పీటల మీద కాదు. నా ఫోను జేబులోంచి తీయకుండానే ఇంటికొచ్చేశాను. వంటింట్లో అమ్మ వడపప్పు కడుగుతోంది. గిన్నె వంచి నీళ్లు వంపుతుంటే, గింజ జారిపోకుండా అడ్డుపెట్టిన వేళ్ల సందుల్లోంచి ధార సన్నగా పడుతోంది. ఎన్ని వేలసార్లు చూశానో ఆ చేతిని. ఆ రోజే చూశాననిపించింది. తీశాను. ‘తీస్తే ముఖం తీయరా, ఈ ముడతల చేతులెందుకు?’ అని అమ్మ విసుక్కుంది.

మన పెద్దలు కర్మలను విడదీసి చెప్పినప్పుడు నిత్యం, నైమిత్తికం అన్నారు. సంధ్యావందనం, దీపారాధన రోజూ చేసేవి గనుక నిత్యం. గ్రహణస్నానం, బిడ్డ పుడితే చేసే జాతకర్మ వంటివి ఒక నిమిత్తం వస్తే చేసేవి గనుక నైమిత్తికం. ఈ లెక్కన మన ఇళ్లలోని ఆల్బములన్నీ నైమిత్తికాలే. పెళ్లి, బారసాల, ఓణీల వేడుక, గృహప్రవేశం, తీర్థయాత్ర. వాటి మధ్య గడిచిన వేల రోజులకు ఒక్క పటమూ ఉండదు. బతుకులో నూటికి తొంభై పాళ్లు ఆ రోజులే అయినా, వాటిని ఏమీ జరగని రోజులంటాం.

నిత్యకర్మ గురించి మీమాంసకులు ఇంకో మాట చెబుతారు. చేస్తే ప్రత్యేకమైన ఫలమంటూ లేదు, మానితే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం. ఫలం లేని పనిని రోజూ ఎందుకు చేయాలో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. రోజూ తీసే ఈ ఫొటోకూ ఏ ఫలమూ ఉండదు. గేటు కమ్మీకి వేలాడే పాలసంచి ఫొటో ఎవరికి కావాలి? కానీ దాన్ని తీయాలన్న పూనిక ఉన్నందువల్ల పొద్దున లేచింది మొదలు కన్ను మేలుకుని ఉంటుంది. ఇస్త్రీ బండి దగ్గర చొక్కా మీద నీళ్లు చిలకరించే చేయి, గడప పసుపు మీద పడిన పిల్లి అడుగు, కుక్కర్ ఆవిరికి మసకేసిన కిటికీ అద్దం. తీసేది ఒక్కటే అయినా దానికోసం వందసార్లు చూడాలి. నిత్యకర్మ ఫలం బహుశా ఆ వందసార్లలో ఉంది.

అమెరికాలో జేమీ లివింగ్‌స్టన్ అనే యువకుడు 1979 మార్చి 31న పోలరాయిడ్ ఎస్ఎక్స్-70 కెమెరాతో ఒక ఫొటో తీశాడు. అప్పుడతను న్యూయార్క్ రాష్ట్రంలోని బార్డ్ కాలేజీ విద్యార్థి. కొన్ని వారాలయ్యాక చూసుకుంటే ఇంచుమించు రోజుకొకటి తీస్తున్నట్టు తేలింది. దాన్నే నియమం చేసుకున్నాడు. ఆ కెమెరా మీట నొక్కగానే బొమ్మ బయటికొస్తుంది. బాగా రాలేదని చెరిపేసే వీలుండదు. అలా 18 ఏళ్లకు పైగా తీస్తూ పోయాడు. స్నేహితులు, భోజనాలు, గదులు, వీధులు. తర్వాత ఆసుపత్రి మంచాలు. మెదడులో కణితి. చివరి వారాల్లో అతనికి పెళ్లయింది. 1997 అక్టోబరు 25న, సరిగ్గా తన 41వ పుట్టినరోజున కన్నుమూశాడు. అప్పటికి పోగైన ఫొటోలు 6,000కు పైమాటే. 2007లో మిత్రులు వాటిని అదే కాలేజీలో ప్రదర్శించారు.

ఆ వరసలో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. పోలరాయిడ్ పటాలన్నీ ఒకే కొలతలో ఉంటాయి. భోజనం పళ్లెం ఎంతో పెళ్లి నాటి పటమూ అంతే, ఆసుపత్రి గదీ అంతే. ఏ రోజూ మరో రోజు కన్నా పెద్దది కాదు. సమత్వమే యోగమని గీతాచార్యుడు చెప్పిన మాటను ఎన్నో ప్రవచనాల్లో విన్నాను. దానికి ఇంత సూటి వ్యాఖ్యానం మాత్రం ఎక్కడా దొరకలేదు.

మనకు ఇది కొత్త కాదు. తాళ్లపాక అన్నమాచార్యులు పదహారో ఏట సంకీర్తన మొదలుపెట్టి జీవితాంతం రాశారు. శక సంవత్సరం 1346, అంటే 1424లో మొదలైన ఆ పని 1503లో ఆయన పరమపదించేదాకా సాగింది. మొత్తం 32 వేల సంకీర్తనలని ప్రసిద్ధి. 79 ఏళ్లకు పంచి చూడండి. ఏడాదికి నాలుగు వందల పైచిలుకు, అంటే రోజుకు ఒకటికి కాస్త పైన. రోజుకొకటికి తక్కువ కాకుండా స్వామికి సమర్పించారని పెద్దలు చెప్పే మాటకు లెక్క సరిపోతుంది. పాడినవన్నీ బ్రహ్మోత్సవాల గురించే కాదు. వడ్లు దంచేటప్పటి సువ్వి పాటలు, బిడ్డను ఊపే లాలి పాటలు, జాజర, ఏల పదాలు కూడా ఆయన కీర్తనల్లోకి వచ్చాయి. రోలూ రోకలీ ఉన్న వాకిట్లోకే వేంకటేశ్వరుణ్ని పిలుచుకొచ్చారు. రోజూ పాడాలంటే రోజూ కనిపించేదాన్నే పాడాలి మరి. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల గుడిలోని చిన్న రాతి అరలో శతాబ్దాలపాటు పడి ఉండి, 1922లో వెలుగులోకి వచ్చాయి. ఆ 32 వేలలో సగానికి పైగా కీర్తనలు దొరకనేలేదు. చూసేవాళ్లు లేరని ఆ అరలోని పదం విలువ తగ్గలేదు.

అయితే ఫోను ఎత్తడమే సాధన అయితే ఆ నవమి పందిట్లో అందరూ సాధకులే కావాలి. ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ 2014లో ఒక పరిశీలన ప్రచురించారు. మ్యూజియంలో కొన్ని వస్తువులను ఊరికే చూడమన్నారు, కొన్నింటిని ఫొటో తీయమన్నారు. మర్నాడు అడిగితే, ఫొటో తీసిన వస్తువులే తక్కువగా గుర్తున్నాయి. గుర్తుంచుకునే పని కెమెరాకు అప్పగించి కన్ను తప్పుకుందన్నమాట. కానీ వస్తువులో ఏదో ఒక భాగాన్ని దగ్గరగా తీయమన్నప్పుడు ఆ మరపు కనిపించలేదు. దేవుడి పెళ్లంతా తెరలో ఇరికించబోతే ఏదీ మిగల్లేదు. వేళ్ల సందుల్లో జారిన వడపప్పు నీళ్లు మాత్రం నాకు ఇప్పటికీ కళ్లముందున్నాయి.

తిరుమలలో దర్శనానికి వెళ్లేముందు సెల్‌ఫోన్లు అప్పగించాలి. గంటల తరబడి నిలబడితే స్వామి ముందు దక్కేది కొద్ది క్షణాలు. ఈలోపే ‘జరగండి జరగండి’ అంటారు. అయినా ఆ తిరునామం, ఆ దీపపు వెలుగు ఏళ్ల తరబడి కళ్లలో ఉంటాయి. మళ్లీ దొరకదని తెలుసు గనుక అక్కడ ఒళ్లంతా కళ్లు చేసుకుంటాం. రోజుకొక్కటే అన్న నియమం ఆ గర్భగుడి క్రమశిక్షణను వంటింట్లోకి తెస్తుంది.

ఒకసారి తెల్లవారుజామున సిటీ బస్సులో ఒకాయన కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. చేతుల నిండా సిమెంటు. ఒళ్లో టిఫిన్ డబ్బా. నిద్రలోనూ దాన్ని వదలలేదు. ఫోను తీసి, మళ్లీ లోపల పెట్టేశాను. నిద్రపోయేవాణ్ని అడగకుండా తీయడానికి మనసొప్పలేదు. ఆ రోజంతా ఇంకేదీ తీయాలనిపించలేదు. నా లెక్కలో అది ఖాళీ గడి. నిత్యకర్మ తప్పిన దోషం అంటుకుందో లేదో గానీ, తీసినవాటన్నింటికన్నా ఆ ఖాళీయే బాగా గుర్తుంది. ఫోను లేకుండానే కన్ను తన పని తాను చేసుకోవడం నేర్చిందని ఆ రోజు తెలిసింది.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే మంచి కెమెరా అక్కర్లేదు, మంచి రోజూ చూడక్కర్లేదు. రోజుకు ఒక్కటే తీయండి. ఎదుటివారిని అడిగి తీయండి. కనీసం మండలం రోజులు, అంటే నలభై రోజులు, ఎవరికీ పంపకుండా దాచుకోండి. ఎంతమంది మెచ్చారో చూసుకోవడం మొదలైతే పూజ పక్కకు పోయి పందిరే మిగులుతుంది. ఒక రోజు తప్పితే చింతించకుండా మర్నాటి గడి నింపండి.

పెళ్లి ఆల్బము లేని ఇల్లుండదు. మీ అమ్మగారి చేతుల ఫొటో మీ ఇంట్లో ఉందేమో ఒకసారి వెతకండి. లేకపోతే రేపటి పటం అదే.