ఫోన్లోంచి ఏం వెళ్ళింది?

"ఛార్జింగ్ ఎక్కుతోంది గానీ కంప్యూటర్లో కనపడట్లేదు." సత్తెనపల్లిలో మొబైల్ షాపు పెట్టుకున్న నాకు ఈ మాట వినని రోజుండదు. చాలాసార్లు తప్పు కేబుల్‌దే. మామూలు యూఎస్‌బీ కేబుల్లో నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకు, రెండు డేటాకు. ఛార్జింగ్‌కే అని చేసిన చవకరకం కేబుళ్ళలో డేటా తీగలు వెయ్యరు. కేబుల్ మంచిదే అయితే ఫోన్ లాక్ తీసి, పైనుంచి నోటిఫికేషన్ లాగి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోను మనం చెప్పందే కంప్యూటర్‌కు తలుపు తియ్యదు. ఐఫోన్ అయితే ఈ కంప్యూటర్‌ను నమ్మొచ్చా అని మననే అడుగుతుంది. ఇవేవీ కాకపోతే సీ టైప్ పోర్టులో జేబు నూగు చేరి ఉంటుంది. స్విచాఫ్ చేసి పళ్ళపుల్లతో మెల్లగా లాగితే బూడిదరంగు ఉండ ఒకటి బయటికొస్తుంది. "ఇదంతా నా ఫోన్లోదేనా?" అంటారు ప్రతివాళ్ళూ.

ఇది చేతిపని. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఒక తెలుగు పంతులుగారి భార్య అన్న మాట.

పంతులుగారు పోయి ఏడాది కావస్తోంది. ఆయన ఫోన్ స్క్రీన్ ఒక మూల పగిలి ఆకుపచ్చ గీతలు పడుతోంది. అందులో ఆయన పద్యాలు చదివి రికార్డు చేసుకున్న ఫైళ్ళున్నాయి, పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమన్నారు ఆవిడ. ఫోల్డర్ తెరిచి కాపీ నొక్కబోతుంటే స్క్రీన్ మీద ఆ మాట చూసి నా చెయ్యి ఆపారు. "కాపీలొద్దు నాయనా. ఆయన చదివినవే కావాలి. కట్ అని ఉంటుందటగా, అది చెయ్యి."

"కట్ చేసినా వచ్చేది కాపీయేనమ్మా" అన్నాను. ఆవిడ నమ్మలేదు. ఎలా నమ్ముతారు? కట్, పేస్ట్ అంటే వస్తువును ఇక్కణ్ణుంచి తీసి అక్కడ పెట్టినట్టే ఉంటుంది. జరిగేది వేరు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లు తమ మెమరీని కంప్యూటర్ చేతికివ్వవు. ఎంటీపీ అనే పద్ధతిలో కంప్యూటర్ ఫలానా ఫైలు కావాలని అడుగుతుంది. ఫోను దాన్ని తానే చదివి అప్పజెబుతుంది, కంప్యూటర్ తన డిస్కులో కొత్తగా రాసుకుంటుంది. కట్ అంటే ఆ తర్వాత ఫోనుకు "నీదగ్గరున్నది చెరిపెయ్" అని ఇంకో ఆజ్ఞ, అంతే. ఫోన్లోంచి రవ్వంత పదార్థం కూడా పెన్‌డ్రైవ్‌లోకి రాదు. పోనీ ఒకే డిస్కులో ఈ ఫోల్డర్ నుంచి ఆ ఫోల్డర్‌కు మారిస్తే? ఫైలు మామూలుగా ఉన్నచోటే ఉంటుంది, చిరునామా ఒకటే మారుతుంది. రెంట్లో ఎక్కడా ప్రయాణం లేదు.

నిజంగా తరలిపోవడం ఎలా ఉంటుందో మా ప్రాంతంవాళ్ళకు తెలుసు. అమరావతి బౌద్ధ స్తూపం చెక్కుడు రాళ్ళు 19వ శతాబ్దంలో కొన్ని మద్రాసుకూ, కొన్ని లండన్‌కూ పోయాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఫలకం అమరావతిలో లేదు. ఇక్కడ దిబ్బ మిగిలింది.

ఆ స్తూపం కట్టినవాళ్ళ మతంలోనే పంతులుగారి ఫైళ్ళ సంగతి చర్చించిన పుస్తకం ఒకటుంది, మిలిందపన్హ. దాదాపు రెండు వేల ఏళ్ళనాటిది. ఏదీ ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్ళకుండానే పునర్జన్మ ఎలా కలుగుతుందని మిలిందుడనే గ్రీకు రాజు నాగసేన భిక్షువును నిలదీస్తాడు. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటి దీపం రెండో దాంట్లోకి వెళ్ళిందా అంటాడు నాగసేనుడు. తర్వాత చెప్పిన ఉదాహరణ నాకు ఇంకా దగ్గరిది. చిన్నప్పుడు గురువు దగ్గర పద్యం నేర్చుకున్నావు కదా రాజా, ఆ పద్యం గురువులోంచి బయల్దేరి నీలోకి వచ్చిందా? రాలేదు. గురువు దగ్గర తరగనూ లేదు. ఎంటీపీ పనితీరును ఇంతకంటే బాగా చెప్పిన టెక్నీషియన్ను నేను చూడలేదు. మా పంతులుగారు ముప్పై బ్యాచ్‌ల పిల్లలకు నేర్పిందీ ఈ పద్ధతిలోనే.

రామాలయంలో గీత క్లాసుకొచ్చే రిటైరయిన పోస్టుమాస్టరుగారి దగ్గర ఈ మాటెత్తితే వెంటనే ఒప్పుకోలేదు. "రెండు ఫైళ్ళూ ఒకటేనని చెప్పేవాడొకడు ఉండాలిగా. నిన్న చూసిందీ ఇవాళ చూసిందీ ఒకటేనని గుర్తుపట్టాలంటే రెండు రోజులూ ఉన్నవాడు కావాలి. బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరులు బౌద్ధుల్ని పట్టుకున్నదిక్కడే" అన్నారు. గట్టి మాటే. ఫైలు సరిగ్గా దిగిందో లేదో చూడ్డానికి నేను రెండువైపులా హ్యాష్ అనే వేలిముద్రలాంటి అంకె లెక్కగట్టి పోలుస్తాను. అక్కడ పోల్చడానికి మూడోవాడు కావాల్సిందే. కానీ ఆ చూసేవాడు ఫోన్లోంచి పెన్‌డ్రైవ్‌లోకి వెళ్ళడు. శంకరుల లెక్కలోనూ అంతటా ఉన్న ఆత్మ ఎక్కడికీ పోదు, పోయేది సూక్ష్మశరీరమే. కాబట్టి గుర్తుపట్టే విషయంలో నేను పోస్టుమాస్టరుగారి వైపు. వెళ్ళే విషయంలో మాత్రం నాగసేనుడి వైపు. కొనసాగడానికి ప్రయాణికుడు అక్కర్లేదు.

పని చేసే వరుస విషయంలో ఉపనిషత్తుదే పైచెయ్యి. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు చెప్పిన పురుగు గడ్డిపరక కొసకు చేరాక, అవతలి పరకను పట్టుకున్న తర్వాతే ఇవతలి దాని మీంచి ఒళ్ళు లాక్కుంటుంది. నేను కట్ వాడకపోవడానికి కారణం ఇదే. కాపీ చేసి, అవతల తెరిచి విని, అప్పుడు చెరపడం. మధ్యలో కేబుల్ కదిలినా ఇవతలిది పోదు.

పంతులుగారి ఫైళ్ళూ అలాగే చేశాను. పెన్‌డ్రైవ్‌లోంచి ఒక పద్యం పెట్టాను. రాగం తీసే ముందు ఆయన చిన్నగా దగ్గారు. ఆవిడ "ఆయనే" అన్నారు. ఫోన్లోవి తీసెయ్యమంటారా అంటే "ఉండనీ" అన్నారు.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఏదీ వెళ్ళకపోతే చేసిన పాపం మాత్రం ఎవరికి అంటుతుంది? దీనికీ నాగసేనుడి దగ్గర ఒక కథుంది. పరాయివాడి చెట్టు మామిడిపళ్ళు దొంగిలించినవాడు, "ఆయన నాటినవి వేరు, నేను కోసినవి వేరు, నా తప్పేముంది?" అంటాడు. వాటివల్లే ఇవి కాశాయి కాబట్టి శిక్ష తప్పదని రాజు చేతే ఒప్పిస్తాడు భిక్షువు. ఈ దొంగ వాదన నా కౌంటర్ ముందు ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది. క్లాస్‌మేట్ ఫోన్లోంచి ఫొటోలు లాగిన కుర్రాడు, "అసలు ఫొటో ఆ అమ్మాయి దగ్గరే ఉంది కదన్నా, నాది కాపీయేగా" అంటాడు. కాపీ కాబట్టే అది పదిచోట్ల పుడుతుంది. అలాంటి పని ఎంత డబ్బిచ్చినా చెయ్యను.

మా షాపులవాళ్ళ సంగతీ చెప్పాలి. ఫోన్లోంచి పెన్‌డ్రైవ్‌కు ఎక్కించేటప్పుడు ముందు మా కంప్యూటర్లో వేసుకుంటాం. అక్కడో కాపీ మిగిలిపోతుంది. పంతులుగారి పద్యాలను ఆవిడ ముందే చెరిపి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను, ఆవిడ అడగలేదు గానీ. దాదాపు ఎవరూ అడగరు. మీరు అడగండి. రిపేరుకిచ్చినా, ఫొటోలు ఎక్కించుకోవడానికిచ్చినా, "మీ సిస్టంలో మావి ఏమైనా ఉన్నాయా?" అనండి. ఉంటే మీ కళ్ళముందే తీయించండి. షాపువాడు ఏమైనా అనుకుంటాడేమోనని మొహమాటపడకండి.