దాచుకొనునది లేనివానికి గోప్యత ఏల?

"దాచుకొనుటకు నాయందేమియు లేదు, నా ఫోనును ఎవరు గమనించిన నాకేమి?" అని పలుకు సజ్జనులు అనేకులు. ఈ మాటలో నిష్కాపట్యమున్నది గాని విచారణ లేదు. రోగి తన వ్యాధిని వైద్యునికి చెప్పును, వీధిలో చాటడు. అది నేరమును దాచుట కాదు గదా!

బ్రౌజరులో నిలుచు 'కుకీ' యను చిన్న గుర్తును 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లి కల్పించెను. వెబ్ దుకాణమున కొనదలచిన వస్తువులను పుట మారినను జ్ఞప్తియందుంచుట వంటివి దాని ప్రయోజనములు. నిర్దోషమైన ఉపాయమే. కాలక్రమమున ప్రకటనల వ్యాపారులు తమ గుర్తులను అసంఖ్యాకమైన వెబ్‌సైట్లలో నాటి, ఒకే మనిషి ఎచ్చట ఏమి చదివెనో కూర్చుకొనసాగిరి. స్మార్ట్‌ఫోనులో ఈ పనికి ప్రకటనల గుర్తింపు సంఖ్య యొకటి ఉపకరించును.

చదువ నలవికాని షరతుల క్రింద మీట నొక్కినవాడు నిజముగా సమ్మతించెనా? ఇతర సంస్థల యాప్‌లలోను సైట్లలోను మనిషిని వెంబడింపదలచిన ప్రతి యాప్ ముందుగా అతని అనుమతి నడుగవలెనని ఆపిల్ సంస్థ 2021లో నియమించినది. అంతవరకు అడుగకుండుటయే వింత!

ఇంతకంటె ముఖ్యమైన ధర్మసందేహము వేరొకటి గలదు. ఫోనులోని కాంటాక్టుల పట్టికను చూచుటకు యాప్‌నకు అనుమతి ఇచ్చువాడు తన సొత్తును మాత్రమే ఇచ్చుట లేదు. అందు అక్కగారి నంబరున్నది, గురువుగారి నంబరున్నది, నమ్మి ఇచ్చిన పొరుగువారి నంబరున్నది. వారి నడిగినదెవరు? తన ధనమును పంచువాడు ఉదారుడు. తనయొద్ద దాచిన పరధనమును పంచువానికి ఆ పేరు చెల్లదు. దాచుకొనునది లేదను గృహస్థు ఆ మాటను తన మట్టుకు చెప్పుకొనగలడు గాని, ఆ పట్టికలోని వారి తరఫున చెప్పజాలడు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా తీర్పిచ్చెను. ఆ వ్యాజ్యమును వేసిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. అయినను కోర్టు వచ్చి ఎవరి ఫోను మీటలను నొక్కదు. టార్చి యాప్‌నకు కాంటాక్టులతో పనిలేదు. సెట్టింగులలో ఆ అనుమతిని నిరాకరింపవచ్చును. దారి చూపు యాప్‌నకు, దానిని వాడునంతసేపు మాత్రమే మనమున్న చోటు తెలిసిన చాలును. ఆండ్రాయిడ్ ఫోనులో ప్రకటనల గుర్తింపు సంఖ్యను తొలగింపవచ్చును. ఫైర్‌ఫాక్స్, సఫారి బ్రౌజరులు వెంబడించు కుకీలను పెక్కింటిని తమంత తామే అడ్డగించును. 'ఇన్‌కాగ్నిటో' పద్ధతిని మాత్రము అతిగా నమ్మరాదు. అది చూచిన పుటల చరిత్రను ఫోనులో మిగుల్పదు గాని, చూచినవాని జాడను ఆ సైట్లకు తెలియకుండ పూర్తిగా దాచలేదు.