టెంకాయ ఎవరి చేతిలో లేచింది?

మార్కాపురం దగ్గర మా మామయ్య వాళ్ళ ఊళ్ళో బోరు వేయాలంటే ముందు టెంకాయ లేవాలి. పాయింట్ పెట్టేవాయన అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని చేలో నడుస్తాడు. కింద నీళ్ళున్నచోట అది నిటారుగా లేస్తుందని నమ్మకం. లేచినచోట పసుపు, కుంకుమ, కర్పూరం. ఆ తర్వాత రిగ్గు బండి. మామయ్య చేలో అలా నాలుగుచోట్ల లేచింది. నాలుగూ ఫెయిలయ్యాయి. ఆఖరిది 800 అడుగులు పోయింది. దుమ్ము తప్ప తడి రాలేదు.

ఇలాంటి మూఢనమ్మకం మన సినిమాల్లో ఎందుకు కనపడదా అని ఆలోచిస్తుంటాను. పల్లెటూరి నమ్మకాల మీద మనకి సినిమాలకేం తక్కువ లేదు. 1995 నాటి ‘అమ్మోరు’లో దేవతా నిజమే, మాంత్రికుడూ నిజమే. 2023లో వచ్చిన ‘విరూపాక్ష’లో క్షుద్రపూజల అనుమానంతో ఊరి జనం ఒక జంటను తగలబెట్టేస్తారు. అంత ఘోరం చూపించాక కూడా కథ నడిచేది మంత్రం నిజంగా పనిచేస్తుందన్న లెక్క మీదే. ‘కార్తికేయ’ (2014) లాంటివి ఇంకో దారిలో వెళ్ళి, గుడి చుట్టూ ఉన్న భయం వెనక మనుషుల పన్నాగాన్ని బయటపెడతాయి. దారులు వేరైనా అడిగే ప్రశ్న ఒకటే: శక్తి ఉందా, లేదా?

ఊళ్ళో బతికేవాడికి అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది. నమ్మకం తప్పని తేలితే ఆ ఖర్చు ఎవరు కడతారు?

ఈ ప్రశ్న అడిగిన సినిమాలు నాకు రెండు గుర్తొస్తాయి. ఒకటి సత్యజిత్ రాయ్ ‘దేవి’ (1960). కోడలు సాక్షాత్తూ కాళికాదేవి అని జమీందారుకి కల వస్తుంది. అదే కల ఇంట్లో పనివాడికి వచ్చుంటే? నవ్వి ఊరుకునేవాళ్ళు. జమీందారుకి వచ్చింది కాబట్టి పదిహేడేళ్ళ పిల్ల పీఠమెక్కాల్సొచ్చింది. కల ఆయనది, జీవితం ఆమెది.

రెండోది మన ‘గ్రహణం’. చలం ‘దోషగుణం’ కథ ఆధారంగా ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన మొదటి సినిమా. కుర్రాడికి జ్వరం. పెద్దింటి ఇల్లాలితో సంబంధం వల్లే వచ్చిందని, ఆమె తొడ రక్తమే మందని తేలుస్తారు. ఇవ్వనంటే కుర్రాడి ప్రాణం మీదికొస్తుంది. ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టే. జాలిపడి ఇస్తుంది. జ్వరం తగ్గుతుంది. ఇంకేం, రుజువైపోయింది! ఆ వైద్యం నిజమా కాదా అన్నది పక్కన పెట్టి చూసినా అన్యాయం ఇసుమంత కూడా తగ్గదు. అందుకే ఆ సినిమా నన్ను వదల్లేదు.

ఇదే లెక్క మామయ్య చేలో వేసి చూడండి. టెంకాయ ఆయన పాయింట్ పెట్టినందుకు తీసుకుంటాడు. రిగ్గువాళ్ళు అడుగుకింత అని తీసుకుంటారు. అప్పిచ్చినాయనకి వడ్డీ వస్తుంది. నీళ్ళు పడకపోతే నష్టపోయేది మామయ్య ఒక్కడే. ఇందులో ఎర్రకళ్ళ మాంత్రికుడు లేడు, పుర్రెలు లేవు. అందరూ మర్యాదస్తులే. క్లైమాక్స్‌లో చంపడానికి ఎవడూ దొరకడు కాబట్టే సినిమా ఇటు చూడదేమో.

పోయినసారి ఐదో బోరుకి డబ్బులు అడిగాడు. నేను హైదరాబాదులో కూర్చుని, “టెంకాయలేంటి మామా, జియాలజిస్టుని పిలవచ్చుగా?” అని నవ్వాను.

“ఆయన చెప్పినచోటా పడకపోతే ఎవురి మీద అలగాల్రా? ఇదైతే దేవుడి మీదన్నా అలగొచ్చు” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మా అపార్ట్‌మెంట్‌లో బోరు ఎండితే ట్యాంకరొస్తుంది. హేతువాదం నాకు ఖర్చులేని పని. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. అక్కడా టెంకాయ కొట్టే ఉంటారు. కృష్ణా నీళ్ళు మామయ్య చేలోకి ఇంకా రాలేదు. ఆ టెంకాయని నమ్మినవాళ్ళని మాత్రం మనం మూఢులనం, ఓటర్లంటాం.

అలాగని టెంకాయ లేవడం నిజమని అనను. అది అబద్ధమే, దానివల్ల ఒక కుటుంబం అప్పులపాలైంది. కానీ నమ్మినవాడి అజ్ఞానాన్ని చూపించి అక్కడే ఆగిపోయే సినిమా సగం కథే చెప్పినట్టు. అతనికి నమ్మడం తప్ప వేరే దారి లేకుండా చేసిందెవరో కూడా చూపించాలి.

డబ్బులు పంపాను. తప్పో ఒప్పో తెలీదు. ఈసారి టెంకాయ గురించి మాత్రం ఏమీ అనలేదు.