కోటకు వారసులెవరు?

ఒకే దేవుణ్ణి మొక్కినంత మాత్రాన, చచ్చిపోయిన రాజు చేసిన పనికి బతికున్న మనిషి జవాబు చెప్పాలా? ఈ దేశంలో ముస్లింగా పుట్టినవాడికి ఈ ప్రశ్న రెండు వైపుల నుంచి వస్తుంది. బయటివాళ్ళు "మీ నవాబులు దోచుకున్నారు" అంటారు. మనలోనే కొందరు "ఏలినోళ్ళం మనం" అని మీసం తిప్పుతారు. ఒకటి నింద, ఇంకొకటి గర్వం. లెక్క మాత్రం ఒకటే. రాజు ఆస్తిని మతాన్నిబట్టి నా పేర రాసేశారు.

ఈ లెక్క సరిచూడాలంటే భువనగిరి గుట్ట ఎక్కాలి. హైదరాబాదు నుంచి వరంగల్లు పోయే తోవలో యాభై కిలోమీటర్ల లోపే ఉంటుంది. మొత్తం ఒకే బండ. ఎత్తు దాదాపు 500 అడుగులు. నేను ఒక్కణ్ణే ఎక్కాను. మెట్లు కొంతదూరమే సుఖం. ఆ తర్వాత నున్నటి రాయి, నెత్తిన ఎండ, పట్టేసే మోకాళ్ళు. ఒంటరిగా ఎక్కేవాడికి ఒక నిమ్మళం ఉంది, పేరు అడిగేవాడుండడు. సగం దారిలో ఆయాసం తీర్చుకుంటుంటే, దిగివస్తున్న ఒక పెద్దమనిషి ఆగి నా పేరడిగాడు. చెప్పాను. "అయితే మీవాళ్ళ కోటే గదా భాయ్" అన్నాడు నవ్వుతూ. ఆ మాటలో ద్వేషం లేదు. అందుకే అది పైదాకా నా వెంట వచ్చింది.

మావాళ్ళంటే ఎవరు? ఈ కోట మొదట కట్టించింది పశ్చిమ చాళుక్యరాజు ఆరవ విక్రమాదిత్యుడు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు. దాన్నిబట్టే త్రిభువనగిరి, భువనగిరి అయ్యాయి. ఉర్దూలో అది భోంగీర్. తర్వాత కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు వచ్చారు. 1708లో గీతకులంలో పుట్టిన సర్వాయి పాపన్న దీని మీదికి దండెత్తాడు. కింద ఊరి పేరు సంస్కృతం, పైన కట్టడం పేరు బాలాహిసార్, ఫారసీ. ఆ రెంటి మధ్య రాయి తొలిచినవాళ్ళ పేరు ఏ భాషలోనూ లేదు. మా తాత జట్కా తోలాడు. ఏ రాజు కాలంలోనైనా మావాళ్ళు గుర్రానికి గడ్డి వేసినవాళ్ళే గాని సింహాసనం ఎక్కినవాళ్ళు కారు.

మరి వారసత్వమే లేదా? ఉంది. 'వారసుడు' అనే మాటే చూడండి. అరబ్బీ 'వారిస్' ఉర్దూ మీదుగా తెలుగింటికి వచ్చి కూచున్నది. దాన్ని వాడుకునే రైతు ఎవరూ దాని మతం అడగలేదు. ఆస్తి రక్తం వెంట నడిచి వస్తుంది. విలువ అట్లా రాదు, మనమే పోయి ఎత్తుకోవాలి. దొరకు తలవంచక భూమి కోసం కోర్టుకెక్కిన షేక్ బందగీని 1940లో విసునూరు దేశముఖు మనుషులు చంపారు. హైదరాబాదు ఇండియాలో కలవాలని రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948లో రజాకార్లు చంపారు. ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి బతికే నాకు ఏ నవాబుకన్నా ఈ ఇద్దరే దగ్గరివాళ్ళు.

మంచివాళ్ళను ఏరుకుని చెడ్డవాళ్ళను వదిలేస్తే ఎట్లా అని మీరు అడగవచ్చు. అడగాల్సిందే. అందుకే దీనికొక షరతు ఉంది. ఎవరి పేరు చెప్పుకుంటామో వాళ్ళ పని కూడా నెత్తికెత్తుకోవాలి. షోయబుల్లాఖాన్ వారసుడు తనవాళ్ళ తప్పును తనవాళ్ళ మొఖం మీదే రాయాలి. బందగీ వారసుడు దొర ముస్లిం అయినా దొర అనే పిలవాలి. ఇది ఒక్క ముస్లింలకే పెట్టిన షరతు కాదు. చాళుక్యుల పేరు, కాకతీయుల పేరు చెప్పుకునేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

రాజుల పేరు చెప్పుకోవడానికి పైసా ఖర్చు లేదు. అందుకే వాళ్ళకు అంతమంది వారసులు. బందగీ పేరు చెప్పుకుంటే మాత్రం ఖర్చవుతుంది.