దిగువ లెక్క

హుస్సేన్ సాగర్ ఒడ్డున కంపు తగ్గితే నాకూ సంతోషమే. కానీ ఆ మురుగు ఎటు పోయిందని కూడా అడగాలి కదా.

సాగర్‌ని బాగుచేయడానికి చేసిన పనుల్లో ముఖ్యమైనది మళ్ళింపు. కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చే మురుగులో చాలా భాగాన్ని చెరువులోకి రానీకుండా పైపుల్లో అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపుతారు. రోజుకి 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యమున్న ఆ కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్ళు మూసీలో కలుస్తాయి.

'శుద్ధి' అనే మాట దగ్గరే నా పేచీ. 100 మిల్లీలీటర్ల మురుగులో కోటి ఫీకల్ కోలిఫామ్‌లు, అంటే మన పేగుల్లోంచి వచ్చే బాక్టీరియా, ఉండటం మామూలే. శుద్ధిలో 99 శాతం పోయినా ఇంకో లక్ష మిగులుతాయి. స్నానానికి వాడే నీళ్ళలో మన దేశం అనుమతించే గరిష్ఠ పరిమితి 2,500. క్లోరిన్‌తోనో, అతినీలలోహిత కిరణాలతోనో ఇంకో మెట్టు శుద్ధి చేస్తే తప్ప ఆ అంకె అందదు. పలచబడుతుందిలే అనుకోవడానికి, ఎండాకాలం మూసీలో పారేదే ఎక్కువగా మురుగునీరు.

ఆ నీళ్ళతోనే దిగువన పశుగ్రాసం, వరి పండిస్తారు. "రైతులకి ఆ నీళ్ళు కావాలి, ఇంకేం?" అంటారు కొందరు. నిజమే, ఏడాది పొడవునా ఎండని నది ఎవరికి చేదు? కానీ అవసరం వేరు, ఒప్పుకోలు వేరు. దప్పికతో ఉన్నవాడు ఏ నీళ్ళిచ్చినా తాగుతాడు. అంతమాత్రాన ఇచ్చినవాడిది దానం అయిపోదు.

మళ్ళించడమే తప్పని నేను అనను. చెరువులోకి నేరుగా వదిలేయడం కంటే అది మేలే. నా అభ్యంతరమల్లా లెక్కని అక్కడితో ముగించడం మీద. నగరం తన శుభ్రతని తను షికారు చేసే ఒడ్డున కొలుచుకుంటోంది. కొలవాల్సింది దిగువన, బురదలో మోకాళ్ళదాకా దిగి నాట్లేసే ఆడవాళ్ళ దగ్గర. వాళ్ళ కాళ్ళకి తగిలే నీళ్ళలో మన పిల్లల్ని దింపుతామా? దింపలేమంటే ఆ నీళ్ళు ఇంకా శుద్ధి కానట్టే. ఇంతకంటే పెద్ద నీతిసూత్రం నాకు అక్కర్లేదు.

కృష్ణ నీళ్ళ కోసం ఎగువ రాష్ట్రాలతో దశాబ్దాలుగా తగాదా పడుతున్నాం. ఎన్ని టీఎంసీలు వదిలారని అడుగుతాం, అడగాలి కూడా. వాడపల్లి దగ్గర మూసీ వెళ్ళి కలిసేది ఆ కృష్ణలోనే. అక్కడ ఎగువవాళ్ళం మనమే. ఎన్ని వదిలారన్నది ఎంత న్యాయమైన ప్రశ్నో, ఏం వదిలారన్నదీ అంతే న్యాయమైన ప్రశ్న.