చర్మం చూసే డాక్టరు బీపీ కూడా చూడాలి

బెంగళూరు చిక్కపేటలో ధర్మవరం, గద్వాల చీరలు విప్పి పరిచే చేతుల మీద సోరియాసిస్ పొలుసులు లేస్తే, ఆ మనిషికి ముందు పుట్టే భయం గిరాకీ గురించే. అది అంటువ్యాధి కానే కాదు. అయినా కొనేవాళ్లు జంకుతారు, ఇతను పొడుగు చేతుల చొక్కా వెతుక్కుంటాడు. వైద్యం కూడా పైపూత దగ్గరే ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. 2006లో పరిశోధకుడు జోయెల్ గెల్ఫాండ్ బృందం బ్రిటన్ రోగుల రికార్డులు పరిశీలించి, తీవ్రమైన సోరియాసిస్ ఉన్న ముప్పయ్యేళ్లవారికి గుండెపోటు ముప్పు దాదాపు 3 రెట్లని లెక్కగట్టింది. లావు, పొగతాగడం, షుగరు వల్లే కాదా అని అడగవచ్చు. వాటిని లెక్కలోకి తీసుకున్నాక మిగిలిన తేడాయే అది. ముప్పయ్యేళ్లప్పుడు అసలు ముప్పే తక్కువ గనక మూడు రెట్లన్నా చిన్నదేనన్న మాట నిజమే. కానీ ఈ జబ్బు దశాబ్దాలు వెంట ఉంటుంది.

మరి చర్మానికీ గుండెకూ ఉన్న ఈ లంకెకు మూలం పేగుల్లో ఉందా? ఎలుకల పేగుల్లోని ఒక రకం బ్యాక్టీరియా, సోరియాసిస్‌ను రగిలించే తరహా రోగనిరోధక కణాలను పెంచుతుందని 2009లో తేలింది. ఆహారంలోని కోలిన్‌ను పేగు బ్యాక్టీరియా మార్చగా పుట్టే పదార్థం రక్తనాళాలు పూడుకుపోవడానికి తోడ్పడుతుందని 2011లో క్లీవ్‌లాండ్ పరిశోధకులు చూపారు. ఆసక్తికరమైన దారే. అయితే సోరియాసిస్ రోగుల పేగుల్లో కనిపించే తేడా జబ్బుకు కారణమా, తిండి, మందుల ఫలితమా అన్నది తేలలేదు. మజ్జిగ తాగడం మంచిదే. ప్రోబయోటిక్ డబ్బా కొంటే గుండె భద్రమన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

చర్మానికీ గుండెకూ మధ్య ఇన్‌ఫ్లమేషనే (ఒంట్లోని వాపు) వారధి అయితే దాన్నే అణచవచ్చు కదా అంటారు. గుండెపోటు వచ్చిన పదివేలమందిపై జరిగి, 2017లో వెలువడిన కాంటోస్ అనే ఔషధ పరీక్షలో అలా చేస్తే గుండె ఘటనలు సుమారు 15 శాతం తగ్గాయి. కానీ ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాలు తగ్గలేదు. సోరియాసిస్ రోగులకు ఇన్‌ఫ్లమేషన్‌ను అణిచే అడాలిముమాబ్ మందు ఇచ్చి చూసిన పరీక్షలోనూ చర్మం తేరుకుంది గానీ బృహద్ధమనిలో ఇన్‌ఫ్లమేషన్ తగ్గలేదు. అందుకే నా పట్టుదల బీపీ, షుగరు వంటి పాత పరీక్షల మీదే. 2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు సోరియాసిస్‌ను ముప్పు పెంచే అంశంగా లెక్కించాయి. చిక్కపేటకు దగ్గర్లోనే 1900లో మొదలైన విక్టోరియా ఆస్పత్రి ఉంది. అక్కడైనా, వీధి చివరి క్లినిక్‌లోనైనా పూతమందు రాసే చీటీలోనే బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, నడుం కొలత రాయడానికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు.